టర్కీ వేటకు మౌత్ కాల్: కూత పలకడం లేదు, సలహా కావాలి

పెన్ కొండలు:

సభ్యులందరికీ నమస్కారం. వచ్చే మే నెలలో పెన్సిల్వేనియా అడవుల్లో మొదటిసారి అడవి టర్కీ కోళ్ల వేటకు వెళ్లబోతున్నాను. కొత్తగా వేటలోకి వచ్చేవారు ఏ వయసు వారైనా ఇక్కడ శిక్షణ తరగతి పూర్తి చేయాలి కనుక అది ముగించి, లైసెన్సు తీసుకుని, షాట్‌గన్ గురి కూడా సరిచూసుకున్నాను. మిగిలింది కూత ఒక్కటే. ఈ రాష్ట్రంలో వసంతకాలపు వేటలో పక్షిని పొంచి వెంబడించడానికి వీల్లేదు; ఒకచోట కూర్చుని, పెట్ట కూత కూసి, పుంజును మన దగ్గరికి రప్పించుకోవలసిందే. కాబట్టి కూత రానివాడికి వేట లేనట్లే.

దుకాణంలో అడిగితే మూడు రీడ్ల మౌత్ కాల్ (నోట్లో పెట్టుకుని టర్కీ కూతను పలికించే చిన్న పరికరం) ఒకటి చేతిలో పెట్టారు. నోట్లో పెట్టుకోగానే లాలాజలం ఊరిపోతోంది, కాస్త లోపలికి జరిగితే డోకు వస్తోంది, గట్టిగా ఊదితే బుస్సుమని గాలి తప్ప మరేమీ రావడం లేదు. వీడియోల్లో ప్రతివారూ "ఇలా ఊదండి" అంటున్నారు గానీ, మూసిన నోటిలో నాలుక ఎక్కడుందో వీడియోలో కనబడదు కదా. నాలుక, అంగిలి, గాలి ఎలా ఉండాలో మాటల్లో చెప్పగలవారు ఎవరైనా ఉన్నారా? లేక దీన్ని పక్కన పెట్టి, చేత్తో పలికించే చెక్కపెట్టె, అదే బాక్స్ కాల్, కొనుక్కోవడమే మేలా?

ఓజార్క్ అక్క:

మీ ఇబ్బందిలో సగం ఆ మూడు రీడ్లదే. మౌత్ కాల్ అంటే గుర్రపు నాడా ఆకారంలో ఉన్న చిన్న అల్యూమినియం చట్రం, దానికి బిగించిన పలుచని లేటెక్స్ (రబ్బరు) పొర, చుట్టూ అంచుగా ఒక టేపు. అంతకు మించి అందులో ఏమీ లేదు. ఆ పొరనే రీడ్ అంటారు. రీడ్లు ఒకదాని మీద ఒకటి పెరిగేకొద్దీ, వాటికి వి ఆకారంలోనో గబ్బిలం రెక్కల ఆకారంలోనో కోతలు పెట్టేకొద్దీ గొంతులో బొంగురుతనం వస్తుంది, నిజమే. కానీ వాటిని కదిలించడానికి గాలి ఎక్కువ కావాలి, నాలుక ఒత్తిడి మీద అదుపూ కావాలి. ఆ రెండూ మీకింకా అలవడలేదు. ముందు ఒకటో రెండో పలుచని రీడ్లున్న, కోతలు లేని కాల్ తీసుకోండి. ధర పెద్దగా ఉండదు కనుక రెండు మూడు రకాలు కొని, మీ నోటికి ఏది తొందరగా పలుకుతుందో చూసుకోవడం మంచిది.

ఇక నోట్లో పెట్టే పద్ధతి. నాడా ఆకారంలో తెరిచి ఉన్న వైపు, అంటే రీడ్ అంచు స్వేచ్ఛగా ఉన్న వైపు, ముందుపళ్ల వైపుకు ఉండాలి. ఏ ముఖం కిందికి ఉండాలో పొట్లం మీద రాసి ఉంటుంది. చట్రం రెండు పక్కలనూ వేళ్లతో కొద్దిగా కిందికి వంచితే అంగిలి వంపుకు సరిపోతుంది. తర్వాత నాలుకతో దాన్ని అంగిలికి అదిమి, పక్కల నుంచి గాలి పోకుండా టేపు అంచులు అంటుకున్నాయో లేదో చూసుకోండి. డోకు వస్తోందంటే కాల్ బాగా వెనక్కి వెళ్లిందనో, మీ అంగిలికి అది పెద్దదనో అర్థం. చిన్న చట్రంతో వచ్చే కాల్స్ కూడా దొరుకుతాయి. అవి పిల్లలకే అని మొహమాటపడనక్కరలేదు. నేను వాడేది అదే. టేపును కత్తెరతో కత్తిరించుకోవచ్చు గానీ చాలా కొద్దికొద్దిగా మాత్రమే, ఎందుకంటే గాలిని పక్కలకు పోనివ్వకుండా ఆపేది ఆ టేపే. ఒకసారి ఎక్కువ తీసేస్తే ఆ కాల్ ఇక పారేయవలసిందే.

ఇప్పుడు కూత సంగతి మరిచిపోండి. చలికాలంలో కిటికీ అద్దం మీద ఆవిరి పట్టేలా పొట్టలోంచి వెచ్చని ఊపిరి వదులుతాం చూడండి, అలాంటి గాలి కావాలి. బుగ్గల్లోంచి ఊదే గాలి పనికిరాదు. నాలుక మధ్యభాగం రీడ్‌కు తాకీ తాకనట్లు ఉంచి ఆ ఊపిరి వదులుతూ, నాలుక ఒత్తిడిని కొద్దికొద్దిగా పెంచుతూ పోండి. మొదట బుస వస్తుంది. ఒకచోట అది హఠాత్తుగా సన్నని, ఎడతెగని ఈలగా మారుతుంది. ఆ చోటును నాలుక గుర్తుపెట్టుకునేదాకా మరేదీ ప్రయత్నించవద్దు.

బ్రజోస్ తీరం:

అక్కగారి మాట కాదనను గానీ, కొత్తవారికి మౌత్ కాల్‌ను ఇంత తప్పనిసరి చేయడం నాకు నచ్చదు. ఆర్కన్సా రాష్ట్రానికి చెందిన హెన్రీ గిబ్సన్ 1897లో పేటెంటు తీసుకున్న నాటి నుంచి బాక్స్ కాల్ రూపం పెద్దగా మారలేదంటే ఆ చెక్కపెట్టెలో ఏదో విషయం ఉండబట్టే కదా. మూతకు సుద్ద రాసి పెట్టె అంచు మీద లాగితే చాలు, మొదటి రోజే నమ్మదగిన పెట్ట కూత వస్తుంది. మా టెక్సాస్‌లో రియో గ్రాండే ఉపజాతి టర్కీలు తిరిగేది బయలు ప్రాంతాల్లో. అక్కడ వీచే గాలిలో మౌత్ కాల్ కంటే బాక్స్ కాల్ ఎక్కువ దూరం వినబడుతుంది. పలక మీద పుల్లతో గీసే పాట్ కాల్ కూడా అంతే సులువు. పెన్ కొండలు గారూ, మేలోపు మీకు సమయం తక్కువ. బాక్స్ కాల్‌తో వెళ్లండి, మౌత్ కాల్ వచ్చే సంవత్సరం చూసుకోవచ్చు.

ఓజార్క్ అక్క:

బాక్స్ కాల్ కొనమనే నేనూ చెబుతాను. కానీ పుంజు నలభై గజాల లోపలికి వచ్చినప్పుడు మీ రెండు చేతులూ ఎక్కడ ఉంటాయో ఆలోచించండి. టర్కీకి వాసన పసిగట్టే శక్తి తక్కువ, చూపు మాత్రం అమోఘం. కాలి బొటనవేలు కదిపినా పట్టేస్తుంది. పెట్టె మూత లాగి, దాన్ని ఒళ్లో పెట్టి, తుపాకీ ఎత్తేలోపు పక్షి పొదల్లోకి వెళ్లిపోయి ఉంటుంది. చెట్టు చాటున ఆగిపోయి, మెడ చాచి, పెట్ట ఎక్కడుందా అని చూస్తున్న పుంజును మరో నాలుగడుగులు బయటికి రప్పించడానికి చిన్న కూత ఒకటి కావాలి. అది చేతులు కదపకుండా రావాలి. మౌత్ కాల్ నేర్చుకోవడం ప్రధానంగా ఆ ఒక్క క్షణం కోసమే. దూరంగా ఉన్నప్పుడు బాక్స్, దగ్గరికి వచ్చాక మౌత్ కాల్ అని పంచుకుంటే ఈయన ఈ మేలోపు నేర్చుకోవలసింది చాలా తగ్గిపోతుంది.

బ్రజోస్ తీరం:

ఆ పంపకం నాకు సమ్మతమే. ఇంతకు ముందు మీరు అలా చెప్పలేదు.

సన్నాయి మేళం:

నేను వేటగాణ్ణి కాను. న్యూజెర్సీలో ఉంటూ పెళ్లిళ్లకు సన్నాయి వాయిస్తుంటాను. మిత్రుడొకరు ఈ చర్చ పంపి ఊపిరి గురించి అడిగితే కుతూహలం కొద్దీ ఒక కాల్ తెప్పించుకుని చూశాను. సన్నాయిలో పీక పెదవుల మధ్య ఉంటుంది, బుగ్గల్లో గాలి నిలువ చేసుకుని స్వరం తెగకుండా నడిపిస్తాం. ఇక్కడ ఆ రెండూ పనికిరావు. రీడ్ అంగిలి కింద ఉంటుంది, బుగ్గలు బిగుసుకుంటే స్వరం చస్తుంది, ప్రతి కూతకూ గాలి విడిగా తెగాలి. సంగీతం వచ్చినవారికి దీర్ఘస్వరం పట్టే అలవాటు ఉంటుంది కనుక వారికి ఇది మరింత కష్టం కావచ్చు. పొట్ట మీద చెయ్యి పెట్టుకుని ప్రతి కూతకూ పొట్ట లోపలికి కదులుతోందో లేదో చూసుకోవడం మాత్రం ఏ గాలివాద్యానికైనా పనికొచ్చే పద్ధతి.

మరొక మాట. మిత్రుడు పంపిన అడవి పెట్టల ధ్వనిముద్రణలు విన్నాను. నా చెవికి వాటిలో శ్రుతి శుద్ధి ఏమీ లేదు. ఒక్కో పెట్ట గొంతు ఒక్కో రకంగా ఉంది, కొన్ని అపస్వరాలే. కానీ లయ మాత్రం అన్నింటిలోనూ దాదాపు ఒకటే. కనుక గొంతు అందం కోసం పాకులాడకుండా లయను పట్టుకోమని నా సలహా.

పెన్ కొండలు:

అందరికీ కృతజ్ఞతలు. రెండు రీడ్ల చిన్న కాల్ తెచ్చుకున్నాను. అపార్ట్‌మెంటులో సాధన చేస్తే ఇంట్లోవారు, పక్కవారు ఇద్దరూ ఊరుకోరు కనుక కారులో ఆఫీసుకు వెళ్లే దారిలో మొదలుపెట్టాను. అక్కగారు చెప్పిన ఆ ఈల ఇప్పుడు కావాలన్నప్పుడు వస్తోంది. ఇబ్బంది ఏమిటంటే, అది ఈలగానే మొదలై ఈలగానే ముగుస్తోంది. పెట్ట కూతలో పైస్వరం విరిగి కింది స్వరంలోకి దిగుతుంది కదా, ఆ విరుపు నాకు రావడం లేదు.

అలెఘెనీ బాట:

ఆ విరుపు దవడతో వస్తుంది. ఈల పలుకుతుండగా నాలుక ఒత్తిడి పూర్తిగా వదలకుండా దవడను మాత్రం కిందికి దించండి; నోటి లోపలి ఖాళీ పెరిగి, రీడ్ మీద బిగువు కొద్దిగా సడలి, స్వరం తనంతట తానే బొంగురుగా కిందికి దిగుతుంది. మొదట కావాలని నెమ్మదిగా, సాగదీసి చేయండి: పైస్వరం, దిగుడు, కిందిస్వరం. అవి విడివిడిగా చెవికి వినబడుతున్నాయనిపించాక వేగం పెంచండి. వేగం పెరిగితే ఆ మూడూ కలిసిపోయి ఒకే కూత అవుతుంది. గాలితో పాటు ఏదైనా మాట పలకమని ఇక్కడివారు చెబుతుంటారు. తెలుగు నోటికి "చ్యాక్" అనే ధ్వని బాగా కుదురుతుంది. "చ్యా" దగ్గర నాలుక అంగిలిని ఒత్తుతుంది, "ఆ" దగ్గర దవడ దిగుతుంది, "క్" దగ్గర గాలి తెగుతుంది. గొంతు మాత్రం కలపకూడదు, అంతా ఊపిరితోనే. గొంతు కలిస్తే పక్షి కూతలో మనిషి మూలుగు వినబడుతుంది.

ఒక్క కూత వచ్చాక అయిదారింటిని ఒకే ఎడంతో వరుసగా కూయండి. అదే యెల్ప్, పెట్ట మామూలుగా మాట్లాడే భాష. తెల్లవారుజామున చెట్టు మీద ఉన్నప్పుడు అదే కూతను నోరు సరిగా తెరవకుండా, మెల్లగా, మూడు నాలుగుసార్లు కూస్తుంది. క్లక్ అనేది ఒకే ఒక పొట్టి దెబ్బ: పెదవులు మూసి "పక్" అని తెరిస్తే వస్తుంది. దాన్ని మరీ గట్టిగా, పదునుగా కొట్టకండి, ఎందుకంటే అపాయం కనబడినప్పుడు టర్కీ చేసే "పట్" అనే హెచ్చరిక దానికి దగ్గరగా ఉంటుంది. ఆ తేడా వినడానికి చిన్నదే గానీ, పట్ వినబడితే చుట్టుపక్కల పక్షులన్నీ వెళ్లిపోతాయి. మీ కూతలను ఫోనులో రికార్డు చేసుకుని, కొంచెం దూరంగా పెట్టి వినండి. రీడ్ మన పుర్రెలోనే మోగుతుంది కనుక నోట్లో ఉన్నప్పుడు మనకు వినబడేది బయటివారికి వినబడేది కాదు.

గోదావరి గట్టు:

నేను రాజమహేంద్రవరం దగ్గరి వాణ్ణి. మా తాతగారి కాలంలో పంజరంలో దీమం పిట్టను పెట్టి, దాని కూతతో అడవి కౌజులను రప్పించి పట్టేవారని వినేవాణ్ణి. ఈ మౌత్ కాల్ వంటిది కౌజులకు, పూరేళ్లకు పనిచేస్తుందా? మా తోటలో టర్కీలు కూడా పెంచుతున్నాం, వాటితో సాధన చేయవచ్చా?

ఓజార్క్ అక్క:

మొదటిదానికి జవాబు: ఆ పని తలపెట్టవద్దు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద భారతదేశంలో కౌజును గానీ, అడవి పూరేడును గానీ వలతో పట్టినా, తుపాకీతో కొట్టినా నేరమే. చట్టం దృష్టిలో పట్టుకోవడం కూడా వేటే. మీ తాతగారి దీమంలో సూత్రం ఇక్కడి కూత సూత్రమే, కాదనను. కానీ ఇక్కడ దానికి కాలం, సంఖ్య, లైసెన్సు అన్నీ నిర్ణయించి ఉన్నాయి, అక్కడ నిషేధం ఉంది.

రెండోది మాత్రం మంచి ఆలోచన. మీ తోటలోని టర్కీ, మా అడవిలోని టర్కీ ఒకే జాతి. పెంపుడు పెట్టలు మేత దగ్గర చేసే సణుగుడు, క్లక్, యెల్ప్ దగ్గరగా కూర్చుని వినండి. పిల్లలు తల్లి నుంచి తప్పిపోయినప్పుడు కీచుగా పెట్టే కేక ఇక్కడ శరదృతువు వేటలో వాడే "కీ-కీ" కూతకు మూలం. వినడానికి, అనుకరించడానికి అవి చాలు. అయితే కూత విని పుంజు గాబుల్ (పుంజు గట్టిగా పెట్టే గరగర కేక) పెట్టిందని మురిసిపోకండి. పెంపుడు పుంజు కారు తలుపు చప్పుడుకు కూడా జవాబిస్తుంది.

హ్యూస్టన్ బ్యాచిలర్:

చిన్న సందేహం. నేను హెచ్-1బి వీసా మీద ఉన్నాను. ఇది చదివి నాకూ ఉత్సాహం వచ్చింది గానీ, మాకు తుపాకీ పట్టుకోవడమే నేరమని ఒకరన్నారు. నిజమా?

బ్రజోస్ తీరం:

సగం నిజం. హెచ్-1బి వంటి తాత్కాలిక వీసాలున్నవారు తుపాకీ గానీ తూటాలు గానీ కలిగి ఉండడాన్ని ఫెడరల్ చట్టం సాధారణంగా నిషేధిస్తుంది; అయితే ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు ఉన్నవారికి మినహాయింపు ఉంది. లైసెన్సు గడువు తీరిన మర్నాడు ఆ మినహాయింపు కూడా తీరిపోతుందని మరవకండి. మిత్రుడి తుపాకీని కాసేపు పట్టుకున్నా ఇదే నియమం. వీసా సంగతి కనుక ఈ వేదిక మీద నా మాట ఒక్కటే నమ్ముకోకుండా న్యాయవాదిని అడిగి ముందుకు వెళ్లండి. టెక్సాస్‌లో 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవారు వేట శిక్షణ పూర్తి చేయాలి. మీ మారుపేరు చూస్తే మీరు ఆ కోవలోకే వస్తారనిపిస్తోంది. బాణంతో వేటాడదలిస్తే తుపాకీ చట్టం అడ్డురాదు, కానీ పుంజు ముందు విల్లు లాగడం మరొక విద్య. దయచేసి ఈ విషయం మీద వేరే చర్చ తెరవండి, ఇక్కడ కూత గురించే మాట్లాడుకుందాం.

అలెఘెనీ బాట:

పెన్ కొండలు గారు మా రాష్ట్రం వారే కనుక అడవిలో ఎంత కూయాలో కూడా చెబుతాను, ఎందుకంటే కొత్తగా కూత పలికినవారు దాన్ని ఆపలేరు. ప్రకృతిలో జరిగేది ఏమిటంటే పుంజు గాబుల్ పెడితే పెట్ట దాని దగ్గరికి నడిచి వెళుతుంది. మనం దాన్ని తలకిందులు చేసి, పుంజునే రమ్మంటున్నాం. అది జవాబిచ్చిన ప్రతిసారీ మీరూ కూస్తుంటే, "ఈ పెట్ట ఎలాగూ వస్తోంది" అనుకుని ఉన్నచోటే తోక విప్పుకుని నిలబడుతుంది. ఒకసారి జవాబిచ్చి, మీ వైపు తిరిగిందని తెలిశాక నోరు మూసుకోవడమే మంచిది. కూత ఆగిపోతే పెట్టను వెతుక్కుంటూ అదే కదులుతుంది.

తెల్లవారగానే పుంజు చుట్టూ నిజమైన పెట్టలుంటే మీ కూత ఎంత బాగున్నా ఫలితం ఉండకపోవచ్చు. అప్పుడు లేచి ఇంటికి రాకండి. పొద్దెక్కాక పెట్టలు గుడ్లు పెట్టడానికి గూళ్లకు వెళ్లిపోతాయి. ఒంటరిగా మిగిలిన పుంజు అప్పుడు మొదటి కూతకే పరుగెత్తుకు రావచ్చు. పెన్సిల్వేనియాలో వసంతకాలపు వేట తొలి భాగంలో మధ్యాహ్నం పన్నెండింటికి ఆపేయాలి, చివరి భాగంలో సాయంత్రం దాకా అనుమతి ఉంటుంది. ఆ తేదీలు ఏటా మారతాయి కనుక రాష్ట్ర గేమ్ కమిషన్ (వేట వ్యవహారాలు చూసే ప్రభుత్వ సంస్థ) ప్రకటన చూసుకోండి.

భద్రత గురించి కూడా ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే ప్రమాదం కూతలోంచే వస్తుంది. మీరు పెట్టలా కూస్తున్నారు, ఒంటినిండా ఆకుల రంగు బట్టలు వేసుకున్నారు. మీ కూత విని మరొక వేటగాడు రావచ్చు. భుజాల కంటే వెడల్పయిన చెట్టుకు వీపు ఆనించి కూర్చోండి. పుంజు తలలో ఎరుపు, తెలుపు, నీలం ఉంటాయి కనుక ఆ రంగుల రుమాలు గానీ, మేజోళ్లు గానీ ఒంటి మీద ఉండకూడదు. ఎవరైనా కనబడితే చెయ్యి ఊపకండి, కూయకండి. మనిషి గొంతుతో గట్టిగా పిలవండి. పుంజు గాబుల్‌ను అనుకరించే కాల్‌ను ప్రభుత్వ అడవిలో అసలు వాడకండి. మీరు కూడా కదలికను, రంగును చూసి కాక, ఛాతీ మీద వేలాడే గడ్డం స్పష్టంగా కనబడితేనే గురి పెట్టండి.

పెన్ కొండలు:

ఇది చదివి, నా దగ్గరున్న ఎర్ర టోపీ పక్కన పెట్టేశాను. యెల్ప్ ఇప్పుడు దాదాపు ప్రతిసారీ పలుకుతోంది, క్లక్ కూడా వచ్చింది. మిగిలినవి రెండు ప్రశ్నలు. పెట్ట మేస్తూ చేసే ఆ మెత్తని గురగుర శబ్దం, పర్, ఎంత ప్రయత్నించినా రావడం లేదు. నాలుక వణికించాలో, గొంతు పుక్కిలించాలో తెలియడం లేదు. రెండోది, కాల్ ఒకరోజు బాగా పలికి మర్నాడు మొండికేస్తోంది. లోపం నాలో ఉందా, రీడ్‌లో ఉందా?

ఓజార్క్ అక్క:

పర్ రెండు విధాలా వస్తుంది. కొందరు చాలా కొద్ది గాలితో కొండనాలుకను పుక్కిలించినట్లు ఆడిస్తారు, మరికొందరు పెదవులను వణికిస్తారు. ఈ మేలోపు దాని కోసం సమయం వృథా చేయకండి. అంతగా కావాలంటే పాట్ కాల్ పలక మీద పుల్లను అదిమి మెల్లగా లాగితే అదే వస్తుంది. పుంజు దగ్గరికి వచ్చాక మీకు కావలసింది మెత్తని క్లక్ ఒక్కటే, అది మీకు వచ్చేసింది.

రెండోదానికి, లోపం రీడ్‌లోనే ఎక్కువగా ఉంటుంది. లేటెక్స్ లాలాజలంలో నాని, ఎండి, పొరలు ఒకదానికొకటి అంటుకుపోతాయి. అప్పుడు రెండు రీడ్ల కాల్ ఒకే మందపాటి రీడ్‌లా ప్రవర్తిస్తుంది. వాడిన వెంటనే మంచినీళ్లతో కడిగి, రీడ్ల మధ్య చదునైన పళ్లపుల్ల దూర్చి ఆరబెట్టండి. ఆరాక పుల్ల తీసి, మూత ఉన్న డబ్బాలో ఫ్రిజ్‌లో పెట్టండి. ఎండకు, వేడికి లేటెక్స్ త్వరగా పాడవుతుంది, కనుక సాధన కారులోనే అయినా కాల్‌ను అక్కడే వదిలేయకండి. మర్నాడు కూత మొదలుపెట్టే ముందు కాసేపు నోట్లో నానబెట్టండి. ఆలోచనలో పడి దాన్ని నమిలే అలవాటుంటే మానుకోండి, అడవిలో ఎదురుచూసేటప్పుడు బుగ్గన పెట్టుకుంటే చాలు. చిగుళ్లు దురద పెట్టడం, పెదవులు వాయడం కనబడితే అది లేటెక్స్ పడకపోవడం కావచ్చు. వెంటనే ఆపి వైద్యుణ్ణి అడగండి.

రీడ్ అంచు అలలు తేలినట్లు కనబడితే ఆ కాల్ పని అయిపోయినట్లే. అలాగని వేటకు వెళ్లే రోజున కొత్త పొట్లం విప్పకండి, కొత్త లేటెక్స్ బిగువుగా ఉండి మీ నాలుకకు అలవాటైన చోట పలకదు. ఇప్పుడు పలుకుతున్న రకానిదే మరొకటి కొని, ఈ వారం నుంచే రెండింటినీ మార్చి మార్చి వాడండి.